నికరమైన నీళ్లు

కర్నూలు నగరాన్ని ఆనుకుని తుంగభద్ర పారుతుంది. దిగువన సంగమేశ్వరం దగ్గర అది కృష్ణలో కలుస్తుంది. రాయలసీమ నడుమ నుంచి పెన్న, దానిలో కలిసే చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, చెయ్యేరు పోతాయి. ఇన్ని ఏర్లున్న నేలకు కరువేమిటని పటం చూసినవారికి అనుమానం రావచ్చు. అనంతపురం జిల్లా సగటు వానపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, ఆ కాస్తా ఒక పద్ధతిగా పడదు. ఏర్లలో ఏడాదిలో చాలా భాగం ఇసుకే కనిపిస్తుంది. నీళ్లున్న కృష్ణ, తుంగభద్రలు రెండూ ఉత్తరపు అంచున, పల్లంలో పారతాయి. దక్షిణానికి పోయేకొద్దీ నేల మెరక. కాబట్టి ఇక్కడ నీళ్లు వాటంతట అవి రావు, ఎవరో ఒకరు తేవాలి. ఈ సంగతి సీమ జనానికి కొత్తగా తెలిసింది కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు తవ్వడానికి కావలసిన లక్షణాలను, తగలకూడని దోషాలను వరసపెట్టి చెబుతుంది, రోజుకు వెయ్యిమంది రెండేళ్లు పనిచేశారని కూడా చెబుతుంది. ఆ చెరువును తవ్వించింది బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఈ నేలలో నీళ్లంటే పాలకుడి పనే అన్న ఎరుక అంత పాతది. ఇప్పటి ప్రభుత్వం నుంచి సీమ కోరేదాన్ని అక్కడి నుంచే చూడాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక దీనికి దత్త మండలాలన్న పేరు స్థిరపడింది. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అన్న ఆ పేరు నచ్చక, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచన మీద రాయలసీమ అని పెట్టుకున్నారు. తొమ్మిదేళ్లకు, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆ ఇంటి పేరు మీదే అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం కావాలంటే సీమ కలిసిరావాలి. కలిసివస్తే తమకు మిగిలేదేమిటని సీమ నాయకులు అడిగారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టులో సీమ ఎంచుకున్నది, అన్నిటికంటే ముఖ్యంగా తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు సీమకు, నెల్లూరు జిల్లాకు ముందువరస. జనం మాట్లాడేటప్పుడు రాజధాని, హైకోర్టుల ఊసే ఎక్కువగా వస్తుంది. కానీ ఆ ఒప్పందానికి ప్రాణం నీటి షరతులో ఉంది.

రాజధాని 1953లో కర్నూలుకు వచ్చింది, మూడేళ్లకు హైదరాబాదు వెళ్లిపోయింది. నీళ్ల ముందువరస ఆ మూడేళ్లు కూడా నిలవలేదు. 1950ల మొదట్లో సిద్ధేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి కృష్ణ నీళ్లను పెన్నలోకి మళ్లించే కృష్ణా-పెన్నార్ పథకం ఒకటి మద్రాసు ప్రభుత్వం దగ్గర ఉండేది. నీళ్లు తమిళ జిల్లాలకు పోతాయన్న భయంతో కోస్తాలో ఆందోళన లేచింది, కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది, అక్కడ నాగార్జునసాగర్ వచ్చింది. ఆ భయం అకారణమైనదని అనను. కానీ పథకం పోయినప్పుడు దానిలో ఉన్న సీమ వాటా కూడా పోయింది, బదులుగా ఏమీ రాలేదు. ఆపైన ఇంకో దెబ్బ తగిలింది. 1953 విభజనలో బళ్లారి పట్టణం మైసూరుకు వెళ్లింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఇటు మిగిలాయి. తుంగభద్ర డ్యామూ, దాని కాలువల తలగేట్లూ పొరుగు రాష్ట్రంలో ఉండిపోయాయి. పూడిక వల్ల ఆ జలాశయం నిల్వ 130 టీఎంసీలకు పైనుంచి 106 టీఎంసీల దగ్గరికి దిగింది. ఎగువ కాలువకు రాసిన 32.5 టీఎంసీలు అనంతపురానికి పూర్తిగా అందే ఏడాది అరుదు.

అసలు చిక్కుముడి 1976లో కృష్ణ నీళ్లను పంచిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పుతో పడింది. అంతకుముందే వాడకంలో ఉన్న నీళ్లను ముందుగా కాపాడాలన్నది ఆ ట్రిబ్యునల్ పాటించిన సూత్రం. న్యాయంగా వినిపించే సూత్రమే. కానీ దాని ఫలితం ఏమిటంటే, పందొమ్మిదో శతాబ్దంలోనే ఆనకట్ట దక్కిన కృష్ణా డెల్టాకు 181 టీఎంసీల హక్కు ఖాయమైంది, సాగర్‌కు 281 దక్కాయి, సీమలో పాత కర్నూలు-కడప కాలువకు 39.9 టీఎంసీలు మిగిలాయి. ఎండిన నేలకు, ఎండి ఉన్నందుకే వాటా తగ్గింది. నాలుగేళ్లలో మూడేళ్లయినా నదిలో ఉంటాయని లెక్కగట్టి పంచినవి నికర జలాలు. ఆపైన వచ్చేవి మిగులు జలాలు. దిగువ రాష్ట్రం కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆ మిగులును వాడుకోవచ్చు, కానీ దాని మీద హక్కు పుట్టదని తీర్పు స్పష్టంగా చెప్పింది. తరువాతి దశాబ్దాల్లో సీమ పేరున తలపెట్టిన పెద్ద పథకాలు, 40 టీఎంసీల హంద్రీ-నీవా, 38 టీఎంసీల గాలేరు-నగరి, ఈ హక్కులేని మిగులు మీదే కట్టారు. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులును కూడా మూడు రాష్ట్రాలకు పంచింది. సుప్రీంకోర్టు ఆపడం వల్ల ఆ తీర్పు గెజిట్‌లోకి ఎక్కలేదు. అంటే సుమారు 550 కిలోమీటర్ల కాలువ, పదుల కొద్దీ పంపులు, ఆరు లక్షల ఎకరాల ఆయకట్టు అన్న హంద్రీ-నీవా అంచనా, ఇదంతా ఒక కోర్టు స్టే నీడలో ఉంది.

ఇది కాగితాల గొడవ అనుకుంటే పొరపాటు. నికరమైన నీళ్లున్న రైతు జూన్‌లోనే నారు పోయాలా వద్దా తేల్చుకుంటాడు, బ్యాంకు అతన్ని నమ్ముతుంది. మిగులు మీద బతికే రైతు కర్ణాటక జలాశయాలు నిండి, శ్రీశైలం నిండి, అక్కడి నుంచి సీమకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు గేట్లు లేచేదాకా ఆకాశం చూడాలి. అప్పటికి శెనక్కాయ విత్తే పదును దాటిపోతుంది. అందుకే అనంతపురం రైతు కాలువను కాక బోరును నమ్ముకున్నాడు. వెయ్యి అడుగులు దింపి చీనీ తోటలు పెట్టాడు, తోట ఎండితే అప్పు మిగిలింది. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, ఇల్లిల్లూ తాళం పడి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కాలం ఏటా వస్తుంది. తుంగభద్ర ఒడ్డునున్న ఊళ్లవాళ్లు కృష్ణ నీళ్లతో పండిన కాయ కోయడానికి వలస పోతున్నారు.

నీళ్ల వాటాతో పాటు నీటిమట్టం కూడా అంతే ముఖ్యం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. సీమకు నీళ్లు పోయే పోతిరెడ్డిపాడు తూము ఎత్తున ఉంది, 854 అడుగుల కింద అక్కడ పారేది నామమాత్రం. ఆ 854ను కనీస మట్టంగా ఉంచాలన్నది సీమలో ప్రతి రైతు సంఘం నోట వినిపించే అంకె. 1996లో ప్రభుత్వమే జీవో 69తో ఆ మట్టాన్ని 834కు దించింది. కరెంటు కోసం రెండు గట్ల మీదా నీళ్లు లాగితే మట్టం వారాల్లో పడిపోతుంది. వంద దాకా ఊళ్లను ముంచి కట్టిన జలాశయం అది, ఆ ఊళ్లు కర్నూలు, పాలమూరు జిల్లాలవి. ముంపు భరించినవారికే నీళ్లు అందని మట్టంలో దాన్ని నడపడం ఏ విధంగా చూసినా సరైంది కాదు. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగుకు జనమే తమంతట తాము శంకుస్థాపన చేసుకున్నారంటే కారణం ఇదే. అక్కడ కృష్ణపై కేంద్రం తీగల వంతెన మంజూరు చేసినప్పుడు, దాన్నే వంతెనగానూ ఆనకట్టగానూ కట్టమని అడిగారు.

ఇంతకీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఏముంది? ట్రిబ్యునల్, కేంద్రం, పొరుగు రాష్ట్రాలు అని చేతులెత్తేయడం సులువు. కానీ పిల్లకాలువలు తవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హంద్రీ-నీవాలో 2012లోనే నీళ్లు ఎత్తారు, 2025లో ప్రధాన కాలువను వెడల్పు చేశారు. ఇది మెచ్చుకోదగ్గ పని. అయినా కాలువ పక్కనున్న చేనికి నీళ్లు తీసుకుపోయే పిల్లకాలువలు చాలాచోట్ల లేవు. చెరువులు నింపితే చాలన్న ధోరణి ముదిరింది. చెరువు నిండితే బోర్లలో నీళ్లు పెరుగుతాయి, నిజమే. కానీ అది హక్కున్న ఆయకట్టు కాదు, ఏ ఏడైనా ఆపేయవచ్చు. ఆయకట్టు లెక్కలోకి ఎక్కని ఎకరం రేపు ఏ ట్రిబ్యునల్ ముందూ సాక్ష్యం చెప్పలేదు. తుంగభద్రపై గుండ్రేవుల జలాశయం ఏళ్లుగా నివేదికల్లోనే ఉండిపోయింది. శ్రీశైలం కనీస మట్టం విషయంలో రాష్ట్రం తన వైపునైనా 854 అడుగులను పాటించగలదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది అందరికీ తెలిసిందే. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్ రెడ్డి, జగన్మోహన్‌రెడ్డి, ఇంతమంది ముఖ్యమంత్రులు సీమవారే అయినప్పుడు సీమ ఎవరిని తప్పుపడుతుంది? ఈ ప్రశ్నలోని నిజాన్ని దాటవేయకూడదు. ఆ నాయకుల్లో కొందరు పెద్ద పనులు చేశారు. పోతిరెడ్డిపాడును 44,000 క్యూసెక్కులకు పెంచడం 2005లో సీమ నాయకుడి నిర్ణయమే. కానీ 2020లో సంగమేశ్వరం దగ్గర తలపెట్టిన రాయలసీమ ఎత్తిపోతలు పర్యావరణ అనుమతి లేక హరిత ట్రిబ్యునల్ ముందు ఆగింది. జీవోలతో ఇచ్చింది జీవోలతో, కోర్టులతో పోతుంది. ముఖ్యమంత్రి సొంత ఊరు ఏదైనా సరే చట్టంలో చోటు లేని నీళ్లు నిలవవు. కాబట్టి ఈ అభ్యంతరం సీమ వాదాన్ని బలహీనపరచకపోగా దానికి దన్నుగా నిలుస్తుంది.

రెండో అభ్యంతరం డెల్టా రైతుది, దాన్ని గౌరవంగా వినాలి. తరతరాల హక్కును ఎందుకు వదులుకోవాలని అతను అడుగుతాడు. వదులుకోనక్కర్లేదు. పట్టిసీమ ఎత్తిపోతల 2015లో మొదలైనప్పుడు చెప్పిన మాటే ఇక్కడ పనికొస్తుంది. 80 టీఎంసీల గోదావరి నీళ్లు ప్రకాశం బ్యారేజీకి వస్తే, ఆ మేరకు కృష్ణ నీళ్లు శ్రీశైలంలో ఆగి సీమకు పోతాయని అన్నారు. ఆ మాటను సీమ ప్రాజెక్టుల పేర్లతో, టీఎంసీల అంకెలతో కేటాయింపుగా రాయడమే మిగిలింది. పోలవరం నీటి మళ్లింపుకు బదులుగా కృష్ణలో ఉమ్మడి రాష్ట్రానికి దక్కే 45 టీఎంసీల మీద తెలంగాణకూ వాదన ఉంది. పాలమూరు ఎండిందన్నది అబద్ధం కాదు, సీమ తన గోడు చెప్పుకుంటూ పాలమూరు గోడును కాదనలేదు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో హంద్రీ-నీవా, గాలేరు-నగరి పక్కనే కల్వకుర్తి, నెట్టెంపాడు పేర్లు కూడా ఉన్నాయి. రెండు ఎండిన నేలలు ఒకే చట్టం కింద ఒకే రక్షణ అడగవచ్చు.

ఇక నీళ్లెందుకు, పంటలు మార్చుకోండి, డ్రిప్ పెట్టుకోండి అనేవారూ ఉన్నారు. సీమ రైతు డ్రిప్ ఎప్పుడో పెట్టాడు. అరటి, మామిడి, టమాట, చీనీ పండించి చూపించాడు. కానీ డ్రిప్ పైపు తనంతట తాను నీళ్లను పుట్టించదు. తక్కువ నీళ్లతో ఎక్కువ పండించే రైతుకే ఆ తక్కువ నీళ్ల మీదైనా భరోసా ఇవ్వడం లాభసాటి.

కర్నూలులో హైకోర్టు బెంచికి 2024 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం సమ్మతించింది. అది రావాలి. కృష్ణా నది యాజమాన్య బోర్డు కార్యాలయం కృష్ణా పరీవాహకంలోని కర్నూలులో ఉండాలన్న కోరికా సబబే, ఆ పరీవాహకంలో లేని విశాఖ పేరు ప్రతిపాదించడం సీమను నొప్పించింది. అయినా కార్యాలయాలు నీళ్లకు బదులు కావు. విభజన తరువాత వెనుకబడిన ఒక్కో జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున మూడేళ్లు కేంద్రం ఇచ్చిన డబ్బు ఎక్కడ కలిసిపోయిందో ఊళ్లలో ఎవరూ చెప్పలేరు. నీళ్లు అలా మాయమైపోవు, చేను వాటిని చూపిస్తుంది.

2023 అక్టోబరులో కేంద్రం కృష్ణ నీళ్లను రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ప్రాజెక్టులవారీగా పంచే పనిని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. అంటే అర్ధ శతాబ్దం తరువాత లెక్కలు మళ్లీ బయటికి వచ్చాయి. అక్కడ ఆంధ్రప్రదేశ్ న్యాయవాదులు రాష్ట్రానికి మొత్తంగా ఎన్ని టీఎంసీలు కావాలో చెప్పి ఊరుకుంటే సీమకు మళ్లీ మిగులే మిగులుతుంది. హంద్రీ-నీవాకు ఇన్ని, గాలేరు-నగరికి ఇన్ని, అవి కూడా నికరంగా, అని పేరుపేరునా అడగాలి. ఆ వినతిని దాచకుండా అసెంబ్లీలో పెట్టాలి, కర్నూలులో, అనంతపురంలో, కడపలో, మదనపల్లెలో రైతు సంఘాల ముందుకు తేవాలి. 1937లో మాట ఇచ్చినవారు ఆంధ్ర రాష్ట్రానికి పునాది వేశారు. ఆ రాష్ట్రానికి వారసురాలైన ప్రభుత్వం ఇప్పుడు ట్రిబ్యునల్ కాగితం మీద ఏ అంకె రాస్తుందో సీమ చూస్తోంది.