సర్పి, మంత్రం, నా సగం జ్ఞానం

2018లో నా భార్య లింఫోమాకు కీమోథెరపీ తీసుకుంటోంది. మూడో కోర్సు అయిన వారానికి ఎడమవైపు డొక్కలో మంటగా ఉందంది. రెండు రోజులకు అక్కడే వరసగా నీటిపొక్కులు లేచాయి. మా వదినగారు, అంటే నా భార్యకు అక్క, చూడగానే "ఇది సర్పి, మరిదిగారూ. తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పు. మంత్రం వేయించండి" అంది.

నేను ఊరుకుంటానా? నాకు తెలిసిందంతా చెప్పాను. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ శరీరాన్ని వదలదు. వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. కుడివైపు నరాలు వేరు, ఎడమవైపు నరాలు వేరు. అందుకే పొక్కులు సాధారణంగా మధ్యగీత దాటవు. తలా తోకా కలవకపోవడంలో మంత్రం మహిమేమీ లేదు. ఆరోగ్యవంతులకు రెండు నుంచి నాలుగు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. దాన్నే మంత్రగాడు తన ఖాతాలో జమ వేసుకుంటాడు.

వాదనలో గెలిచాను. కాని "దానంతటదే తగ్గుతుంది" అన్న మాట కీమో తీసుకుంటున్న మనిషికి వర్తించదని నాకు తట్టలేదు! ఒక రోజు అలాగే గడిచిపోయింది. చివరికి ఆమే అంది: "మీ ఇద్దరి వాదన అయిపోతే నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి."

డాక్టరు గట్టిగా మందలించాడు. ఇలాంటి రోగుల్లో ఈ వైరస్ చర్మంతో ఆగకుండా ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకవచ్చు. పొక్కులు లేచిన 72 గంటల్లోపే మందు మొదలుపెట్టడం మంచిది. వెంటనే చేర్చుకుని ఎసైక్లోవిర్ నరం ద్వారా ఎక్కించారు. ఆమె కోలుకుంది. నొప్పి మాత్రం నెలల తరబడి వేధించింది.

ఎసైక్లోవిర్ గెర్ట్రూడ్ ఎలియన్ నడిపిన పరిశోధనా విభాగంలో పుట్టింది. ల్యుకేమియాకు వాడే 6-మెర్కాప్టోప్యూరిన్ కూడా ఆమె, జార్జ్ హిచింగ్స్ చేసిన కృషి ఫలితమే. ఇద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. తాతగారు కేన్సర్‌తో పోవడం చూసి ఆమె ఈ దారి పట్టింది.

పాఠకులకు నా మనవి. కీమోకు ముందు హెపటైటిస్-బి పరీక్ష చేయించండి. కాలేయంలో అణగి ఉన్న ఆ వైరస్ కూడా చికిత్స సమయంలో విజృంభించవచ్చు. ముందే తెలిస్తే మాత్రలతో ఆపవచ్చు. బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు ఆ సమయంలో పనికిరావు. సర్పికి బతికున్న వైరస్ లేని టీకా ఉంది. దాని గురించి డాక్టరును అడగండి.

వదినగారి నమ్మకాన్ని ప్రశ్నించినట్టే నా జ్ఞానాన్నీ ప్రశ్నించుకుని ఉంటే ఆ ఒక్క రోజు పోయేది కాదు. ఆమె ఇప్పటికీ మంత్రాన్ని నమ్ముతుంది. కాని కీమోలో ఉన్నవాళ్లకు పొక్కు కనిపించిందంటే ముందు ఆస్పత్రికి పొమ్మంటోంది.