వేరు నొక్కి చూడండి

ఆమె ఆకుల వైపు చూడనే లేదు. నా చేతిలోంచి కుండీ తీసుకుని పక్కకు వంచింది. మొక్క మొదలు పట్టుకుని, గుంజకుండా, అటూ ఇటూ మెల్లగా కదిపి బయటికి తీసింది. తీసి వాసన చూసింది.

"రోజూ నీళ్లు పోసేరా అండి?"

పోశాను. పొద్దున ఒక గ్లాసు. ఎండ ఎక్కువగా ఉందనిపిస్తే మధ్యాహ్నం ఇంకో గ్లాసు.

కడియం నర్సరీల మీద రాసుకు రమ్మని మా సంపాదకుడు పంపితే వెళ్లాను. ఎన్ని ఎకరాలు, ఎంతమంది కూలీలు, ఏయే రాష్ట్రాలకు లారీలు వెళ్తాయి అని ప్రశ్నలు రాసుకున్నాను. వాటితోపాటు హైదరాబాదు నుంచి ఒళ్లో పెట్టుకుని ఈ ఆర్కిడ్‌ను కూడా తెచ్చాను. మా గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన కానుక, ఫెలనాప్సిస్ రకం. కాడ పొడుగునా తెల్లని సీతాకోకచిలుకలు వరసగా వాలినట్టు పూలు. రెండు నెలలు దాటినా వాడలేదు. తర్వాత ఒక్కొక్కటే రాలాయి. ఆకులు ముడతలు పడి వేలాడాయి. దాహమేస్తోందనుకుని ఇంకాస్త నీళ్లు పోశాను.

కడియపులంకలో రోడ్డుకు అటూ ఇటూ కనుచూపు మేర మొక్కలే. నేను ఒక షేడ్ నెట్ కింద, కుండీలు నింపుతున్న ఆమె దగ్గర ఆగిపోయాను. నా ప్రశ్నల కాగితం సంచిలోనే ఉండిపోయింది.

ఆమెకు అరవై ఏళ్లుంటాయి. వయసులో ఉన్నప్పుడు మామిడికి, సపోటాకి అంట్లు కట్టేదట. ఎడమ బొటనవేలి పక్కన చాకు ఆనే చోట చర్మం కాయ కాసింది. ఆ వేలితోనే వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కుతూ వచ్చింది. ఒకదాన్ని నొక్కగానే పైతొక్క తడికాగితంలా జారిపోయి, లోపల దారంలాంటి పీచు మిగిలింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. అన్నీ గోధుమరంగులోనే ఉన్నాయి, నాకేమీ తేడా తెలియలేదు.

"సచ్చిన వేరు కంటికి తెలవదండి, ఏలికి తెలుస్తాది," అంది.

అంతా చూస్తే గట్టిగా నిలిచినవి మూడే. మధ్యలో వేళ్ల ముడి లోపల నిమ్మకాయంత నాచు ముద్ద దాగి ఉంది. చిన్న మొక్కగా ఉన్నప్పుడు పెట్టిన నాచు అది. పైన ఎంత ఆరినట్టు కనిపించినా ఆ ముద్ద మాత్రం నీళ్లు పట్టుకుని నానుతూనే ఉంటుంది. నేను పోసిన ప్రతి గ్లాసూ అక్కడికే చేరింది. ఆకులు వేలాడింది దాహంతోనే, నా అనుమానం తప్పు కాదు. నీళ్లు లేక కాదు, తాగే వేళ్లు కుళ్లిపోయి.

ఫిలిప్పీన్స్, ఇండొనేషియా అడవుల్లో ఈ జాతి చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. దాని వేళ్లు మట్టిని ఎరగవు. వాటి మీద వెండిరంగు దూదిలాంటి పొర ఉంటుంది. వానకు తడవగానే పీల్చుకుంటుంది, గాలికి ఆరిపోతుంది. ఈ తడవడం, ఆరడం రెండూ జరగాలి. ఆమె ఆ మూడు వేళ్ల మీద నీళ్లు చిలకరించి చూడమంది. చూస్తుండగానే బూడిదరంగు పోయి లేతపచ్చ అలుముకుంది. "మళ్లీ ఆ బూడిదరంగు తిరిగేదాకా నీళ్లు పొయ్యకండి." వారానికోసారి పోయాలనే లెక్క కంటే నాకు ఈ మాటే పనికొచ్చింది.

కత్తెరను మంట మీద కాల్చి, కుళ్లినవన్నీ కోసేసింది. కోసినచోట పసుపు అద్దింది. పక్కలకు కూడా కన్నాలున్న మట్టి కుండీలో బొగ్గు, పెంకు ముక్కలు, రెండు మూడు నీళ్లలో నానబెట్టి పసరు తీసిన కొబ్బరి డొక్క ముక్కలు వేసి మొక్కను కాస్త వాల్చి కూర్చోబెట్టింది. అడవిలో అది పక్కకు వాలే ఉంటుంది కాబట్టి ఆకుల నడిమి మొవ్వులో వాన నిలవదు. కుండీలో నిటారుగా నిలబెట్టేది మనం. ఆ మొవ్వులో నీళ్లు నిలిస్తే మొక్క నడినెత్తి నుంచి కుళ్లుతుంది. పొద్దున్నే నీళ్లు పోసి, మొవ్వులో పడ్డ చుక్కను గుడ్డతో అద్దేయమంది. గాయాలు మానేదాకా నాలుగైదు రోజులు అసలు పోయొద్దంది.

ఈలోగా అవతల యజమాని ఫోన్లో ఎవరికో సర్దిచెబుతున్నాడు. పూలు రాలాయి, మొక్క చచ్చిపోయింది, డబ్బులు వెనక్కివ్వమని అవతలివాళ్ల గోల. ఆమె తల ఎత్తకుండానే, "పువ్వు రాల్తే మొక్క సచ్చిపోద్దా? మల్లికి రాలదా?" అంది, తనలో తనే. రాత్రిళ్లు చల్లబడితే ఈ మొక్క మళ్లీ కాడ వేస్తుంది. హైదరాబాదు చలికాలంలో పరదా చాటు వెలుతురు పడే కిటికీ దగ్గర ఉంచితే చాలు.

నాకు కోపం వచ్చింది. మెరుపు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, ఇన్ని వందలు తీసుకుని, బతికే తీరు ఒక్క ముక్క చెప్పకుండా ఒక ప్రాణిని చేతిలో పెడుతున్నారు. చెప్పగలిగిన మనిషి షేడ్ నెట్ కింద రోజుకూలికి కుండీలు నింపుతోంది. కొనేవాళ్లకు ఆమె కనిపించదు. ఈ వేలికి తెలిసింది పుస్తకం చదివితే రాదు, ఆమె కూతుళ్లెవరూ ఈ పనిలోకి రాలేదు. ఉద్యాన శిక్షణ ఎక్కడ జరిగినా ఆమెలాంటివాళ్లను పాఠం చెప్పడానికి పిలవాలి, వినడానికి కాదు.

ఇంకో మాట. కడియానికి సామర్లకోట దగ్గరే. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1781 నుంచి పన్నెండేళ్లు అక్కడ తోట పెంచి, స్థానిక చిత్రకారుల చేత మన మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మన మామిడిచెట్ల మీద పెరిగే ఆర్కిడ్ కూడా ఉంది. దాన్నిప్పుడు వాండా టెస్సెలేటా అంటారు. పసుపు, గోధుమ గళ్ల రేకులు, ఊదా పెదవి, మంచి వాసన. వాండా అన్న పేరు కూడా సంస్కృతపు వందా నుంచి వెళ్లిందే. మనం మాత్రం చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేసి గీకి పారేస్తాం. నిజమైన బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ చెట్టును పట్టుకుని నిలబడుతుందంతే, ఒక్క బొట్టు తీసుకోదు.

మొదటిసారి ఆర్కిడ్ కొనేవాళ్లందరికీ ఫెలనాప్సిస్సే తేలికని చెబుతారు. అది చల్లని దేశాల ఇళ్లలో పుట్టిన మాట. మన కోస్తా ఎండకూ ఉక్కకూ డెండ్రోబియం, వాండా ఆర్కిడ్‌లు బాగా ఓర్చుకుంటాయి. ఆమె కూడా అదే చెప్పింది.

నాలుగు నెలలైంది. కుండీ పక్క కన్నంలోంచి ఒక కొత్త వేరు బయటికొచ్చింది, కొస లేతాకుపచ్చ. మీ ఇంట్లో పూలు రాలిన ఆర్కిడ్ ఉంటే దయచేసి పారేయకండి. కుండీలోంచి తీసి, ఒక్కో వేరూ నొక్కి చూడండి. ఒక్కటి గట్టిగా ఉన్నా అది బతికే ఉంది.