చంద్రగిరి తోటలో ఒక పలక

పోయిన సంక్రాంతి సెలవుల్లో తిరుత్తణి నుంచి తాతను తీసుకొని చంద్రగిరి పోయి వచ్చినాము. నగరి దాటితే బోర్డులన్నీ తెలుగే. పుత్తూరు, తిరుపతి మీదుగా పదిన్నరకంతా రాజమహల్ ముందర ఉన్నాం.

ఎనభై దాటిన తాతకు మెట్లు ఎక్కడం కష్టం. అందుకని లోపలి మ్యూజియం కన్నా బయటి తోటలోనే జాస్తి సేపు గడిపినాము. పచ్చిక, కత్తిరించిన పొదలు, వెనకాల కోట కొండ. నడుమ మూడంతస్తుల మహలు. రాయి, ఇటుక, సున్నంతో కట్టినారు, కట్టెను వాడలేదంటారు. తాత నాలుగడుగులు వేయడం, నిలబడి తలెత్తి చూడడం. మేమూ అట్లే.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చినారు. వాళ్ళ కింది దామెర్ల నాయకులే 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు జాగా ఇచ్చింది. ఆ చంద్రగిరికీ ఈ మద్రాసుకూ నడుమ ఉండేదే మా తిరుత్తణి, తిరువళ్ళూరు.

దోవలో ఒక పలక కనిపించింది. తాతకు చూపు ఆనలేదు. "ఏం రాసుండారో చదువు నాయనా" అని మా నాయనను అడిగినాడు. నాయన చదివింది తమిళ బడి. ఆయన మా వైపు చూసినాడు. నాయన ఉద్యోగం కోలారులో కాబట్టి అన్నదమ్ములం ఇద్దరమూ కన్నడ మీడియమే. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ మాదిరి కదా అని ధైర్యంగా మొదలుపెట్టినాము. మొదటి వరుసలోనే ఆగిపోయినాం. కన్నడలో 'కో'కు దీర్ఘం పక్కన విడిగా వస్తుంది, తెలుగులో తలమీదే కూర్చుంటుంది. 'క' రూపు కూడా వేరే.

"కోట రా అది! కోటలో నిలబడుకొని కోట అని చదవలేకపోతే ఎట్ల?" అని తాత నవ్వినాడు. పలకను చూడకుండానే, మేము తడబడిన ప్రతి మాటనూ సరిదిద్దినాడు.

తర్వాత పచ్చికలో కూర్చొని చెప్పినాడు. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. అప్పుడు తాత బడి పిల్లోడు. "మేం యాడికీ కదల్లేదు, జిల్లానే కదిలింది" అన్నాడు. చిత్తూరు, చెంగల్పట్టు, 1997 నుంచి తిరువళ్ళూరు. ఇల్లు ఒకటే, జిల్లాలు మూడు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ తెగిందో వెతకడమే మా కూడు. మా ఇంట్లో మాట ఎక్కడా తెగలేదు. తాత, నాయన, మేము, నలుగురం తెలుగులోనే పోట్లాడుకుంటాం. తెగింది అక్షరం. దానికి మేము రాష్ట్రాన్ని, బడిని తప్పు పట్టినాము గానీ, ముప్పై ఏళ్ళలో తాత పక్కన పలక పట్టుకొని ఒక్క పూట కూర్చోలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం తాతకు ఫోన్ చేసి ఒక పేజీ చదివి వినిపిస్తున్నాం. ఇది మేము సొంతంగా తెలుగులో రాసిన మొదటి వ్యాసం. తప్పులుంటే పెద్దలు దిద్దండి. మీ ఇంట్లో చదవడం వచ్చిన తాతో అవ్వో ఉంటే, ఈ వారమే పక్కన కూర్చోండి.