పెట్రికోర్: రాతి నెత్తురు

తొలకరి చినుకు ఎండిన నేలను తాకగానే లేచే పరిమళాన్ని మనం మట్టివాసన అని ఊరుకుంటాము. దానికొక గ్రీకు పేరున్నదని నాకు చాలాకాలం తెలియదు. 'పెట్రికోర్' అన్న మాట మొదటిసారి కంటబడినప్పుడు, ఇంత కమ్మని వాసనకు ఇంత కరకు పేరేమిటా అనిపించింది.

మాట గ్రీకుదే కాని ప్రాచీనమైనది కాదు. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో 'నేచర్' పత్రికలో దీనిని కల్పించారు. ఎండాకాలమంతా రాళ్ళూ మట్టీ గాలిలోని సేంద్రియ పదార్థాలను పట్టి దాచుకుంటాయి. తేమ తగలగానే విడిచిపెడతాయి. రాతినుండి వారు ఆవిరిపట్టి తీసిన పసుపువన్నె నూనెకు పెట్టిన పేరిది. కాల్చిన మట్టినుండి అత్తరు తీసే విద్య అప్పటికే మన కనౌజ్‌లో ఉన్నది.

'పెట్రా' అంటే రాయి. 'ఈఖోర్' అంటే గ్రీకు దేవతల నరాలలో పారే ద్రవం. ఇలియడ్ ఐదవ సర్గలో డయొమీడీజ్ ఈటె తగిలి అఫ్రొడైటీ చేతినుండి కారినది నెత్తురు కాదు, ఇదే. తరువాతి వైద్యులు పుండు రసిని కూడా ఈ మాటతోనే పిలిచారు. దేవతల నెత్తురూ మనుషుల రసీ ఒకే మాటలో ఇమిడిపోయాయి!

మట్టివాసనకు మరొక ముఖ్య కారణం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే 'జియోస్మిన్'. 1965లో గర్బర్, లెషెవాలియే పెట్టిన పేరు. 'గే' అంటే భూమి, 'ఓస్మే' అంటే వాసన. అచ్చంగా మన మట్టివాసనే.

ఆ 'ఓస్మే'యే మా ఇంటికి ఇంకొక రూపంలో వచ్చింది. 2021లో కరోనా జ్వరం తగ్గాక మా నాయనకు వాసన తెలియకుండా పోయింది. దానిని 'అనోస్మియా' అంటారని వైద్యుడు చెప్పాడు. నాయన పిడికెడు మట్టి తీసి మూక్కు దగ్గర పెట్టుకొని పదును చెప్పగల రైతు. ఆ ఏడు మృగశిరలో తొలివాన పడినప్పుడు అరుగుమీద కూర్చుని నన్నడిగాడు:

"వాసనొస్తాందేమిరా?"

"వస్తాంది నాయనా."

"ఎట్లుంది?"

నేర్చుకున్న గ్రీకు మాటలలో ఒక్కటీ అక్కరకు రాలేదు. కాసేపు తడుముకొని, "కొత్తకుండలో నీళ్ళు పోసినట్టుంది" అన్నాను. నాయన కళ్ళు మూసుకున్నాడు.

"అయితే పదును బాగానే దిగుతాదిలే" అన్నాడు.