సెల్లార్‌లో గది

గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో తెల్లారకముందే కార్లు తుడిచేవాళ్ళూ, అంట్లు తోమేవాళ్ళూ ఎక్కడుంటారో మనం పెద్దగా ఆలోచించం. వాచ్‌మన్ కుటుంబానికి సెల్లార్‌లో, లిఫ్టు పక్కన, ఓ గది ఉంటుంది. అద్దె లేదు. కానీ ఉద్యోగం పోయిన రోజే గూడూ పోతుంది. ఇక జీతం పెంచమని అడగడానికి నోరెలా వస్తుంది?

మిగతావాళ్ళకి సిద్ధిక్‌నగర్ లాంటి బస్తీలే దిక్కు. చిన్న చిన్న జాగాల్లో నాలుగైదంతస్తులు లేపి, గదులు గదులుగా అద్దెకిస్తారు. 2024 నవంబరులో అక్కడే ఒక బిల్డింగు, పక్క స్థలంలో పునాదికి గుంత తవ్వితే ఒరిగిపోయింది. కూల్చేశారు. అక్రమ కట్టడం అన్నారు. సరే, సక్రమ కట్టడాల్లో వీళ్ళకి దొరికే గది ఏదీ?

సొంతంగా కొనుక్కుందామా అంటే, జీఎస్టీ లెక్కలో 45 లక్షల లోపు ఉండే చిన్న ఇల్లు చవక ఇల్లు, కడుతుండగా కొంటే పన్ను 1 శాతమే. అందులో 36 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు అప్పు తీసుకుంటే నెల వాయిదా 31 వేల పైచిలుకు. చాలామందికి ఆలుమగల జీతాలు కలిపినా అంత రాదు.

ఊరి శివారు కొల్లూరులో ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టి 2023లో ప్రారంభించింది. మంచిదే. కానీ పొద్దున ఆరింటికల్లా పనిలో ఉండాల్సిన మనిషికి అంత దూరం నుంచి రావడం మాటలా? సొంతిల్లు తర్వాత, ముందు పనికి దగ్గర్లో సర్కారే కట్టి అద్దెకిచ్చే గదులు కావాలి. ఐటీ పార్కుకి భూమి ఇచ్చేటప్పుడే ఓ ఎకరం వీళ్ళకోసం తీసిపెట్టమనడం గొంతెమ్మ కోరికేం కాదు కదా.