బెజవాడలో ట్వీడ్ కోటు

మే నెలలో 45 డిగ్రీలు కాసే బెజవాడలో కాపురం ఉంటూ ట్వీడ్ కోటు కొన్న మనిషిని నేను. ఎవరూ బలవంతపెట్టలేదు. 2020 లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేస్తే ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తుంటే కంటబడింది, ‘డార్క్ అకడీమియా’ అనే స్టైలు. పాత రాతి భవనం, తోలు అట్టల పుస్తకాలు, కిటికీ అవతల వాన, ఇవతల ముదురు గోధుమరంగు కోటు వేసుకుని చదువుకుంటున్న అమ్మాయి. నేను చేసేది కాలేజీలో లైబ్రేరియన్ ఉద్యోగం. ఇంకేముంది, ఇది నాకోసమే పుట్టిందనుకున్నాను. మా లైబ్రరీలో ఉన్నవి ఇనప బీరువాలు, గరగరలాడే ఫ్యాన్లు, కొట్టుకునే ట్యూబ్‌లైట్లు అన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

జనవరిలో పుస్తకాల పండక్కి ఆ కోటు వేసుకెళ్లాను. సాయంత్రాలు చల్లగా ఉంటాయి కదా అని ధైర్యం. స్టాళ్లన్నీ ఒక చుట్టు తిరక్కముందే వీపు తడిసిపోయింది. కోటు విప్పి చేతిమీద వేసుకుంటే పుస్తకాల సంచి పట్టుకోవడానికి చెయ్యి లేదు. ఎదురుపడ్డ స్నేహితురాలు ఎగాదిగా చూసి, “ఊటీ బస్సు దిగి ఇటే వచ్చావా?” అంది. ఇంటికొచ్చాక గానీ పక్క కుట్టు దగ్గరున్న లేబుల్ తిరగేసి చదవలేదు. నూటికి నూరు పాళ్లు పాలియెస్టర్.

అసలు ట్వీడ్ ఉన్ని గుడ్డ. స్కాట్లాండ్ చలిలో, ముసురులో బతకడానికి పుట్టింది. అందులో పేరుమోసిన హారిస్ ట్వీడ్‌కి 1993లో ఏకంగా ఒక చట్టమే చేశారు. అక్కడి పడమటి దీవుల్లోనే రంగువేసి, అక్కడే వడికి, ఆ దీవుల మనిషి తన ఇంట్లో నేసిన ఉన్ని గుడ్డకి తప్ప ఆ పేరు పెట్టడానికి లేదు. నాలాంటివాళ్లకి చేరేది దాని ఫొటో చూసి మరమగ్గం మీద దింపిన నకలు. ఉన్నికి చెమట పీల్చే గుణమైనా ఉంటుంది, నా కోటుకి అదీ లేదు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. అనుమానమున్న బట్టని ఇంటికి తెచ్చాక లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తాను. నూలైతే కాగితంలా కాలి బూడిదైపోతుంది. ఉన్నీ పట్టూ అయితే జుట్టు కాలిన వాసన. పాలియెస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. నా ట్వీడ్ చక్కగా పూస కట్టింది.

అలాగని ఆ స్టైలు మనకి పనికిరాదని కాదు. దాని పట్టు ఉన్నది రంగుల్లో, కాలర్లో, గుడ్డ మందంలో. ముదురు గోధుమ, వక్కరంగు, సీసా ఆకుపచ్చ, మెరూన్. కాలరున్న తెల్ల చొక్కా మీద మందపాటి చేనేత నూలుతో కుట్టించిన చేతుల్లేని కోటు వేస్తే చాలు, బొమ్మ నిలబడుతుంది. చీరలవాళ్లకి ఇంకా సులువు. ముదురు రంగు మంగళగిరి నూలు చీర మీదికి కాలర్‌తో ముంజేతుల దాకా వచ్చే జాకెట్టు. ఇప్పుడు నేను కాలేజీకి వెళ్లేది అలాగే. పిల్లలు “మేడమ్, ఇవాళ ప్రొఫెసర్‌లా ఉన్నారు” అంటారు. అంటే మిగతా రోజుల్లో ఎలా ఉంటానో అడగలేదు.

ఈ బుద్ధి మొదటి దెబ్బకే రాలేదు. మధ్యలో ‘కాటేజ్‌కోర్’ అనే ముచ్చట తగులుకుంది. పల్లెటూరి ఇల్లు, తోట, చిన్న చిన్న పూల గౌను, బుట్ట చేతులు. వస్త్రలత బట్టల మార్కెట్లో పూల జార్జెట్టు చూసి మనసు పారేసుకుని, ముక్క కొట్టించి మా టైలర్ దగ్గరికి పట్టుకెళ్లాను.

“మాస్టారూ, ఈ ఫొటోలోలాగా చేతులు నిలబడాలండి.”

“ఫొటోలో ఉంది నూలు గుడ్డమ్మా. మీరు తెచ్చింది జార్జెట్టు. బుట్ట పెడితే మధ్యాహ్నానికల్లా చతికిలబడిపోద్ది.”

“మీరు కుట్టండి, నేను చూసుకుంటాను.”

ఏం చూసుకున్నాను! మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు, స్కూటర్ దిగేసరికే చేతులు రెండూ వాలిపోయాయి. మా అమ్మ చూసి, “పాప గౌను నువ్వేసుకున్నావేంటే?” అంది. ఆవిడ పెళ్లినాటి ఫొటోలో జాకెట్టుకి బుట్ట చేతులే. 1950ల సినిమాల్లో మన హీరోయిన్లు వేసుకున్నవీ అవే. నేను ఇంగ్లండు పల్లెటూళ్ల నుంచి దిగుమతి చేసుకుంటున్నాననుకున్న వస్తువు మా ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టెలో ఉంది.

ఆ గౌను పట్టుకుని మళ్లీ వెళితే మాస్టారు తిట్టలేదు. నా జార్జెట్టు మూల ఒకటి, పక్కన ఎవరిదో పెడన కలంకారీ నూలు గుడ్డ మూల ఒకటి చెరో పిడికిట్లో పట్టుకుని గట్టిగా నలిపాడు. కాసేపు అలాగే బిగించి ఉంచి వేళ్లు విప్పాడు. జార్జెట్టు ఏమీ ఎరగనట్టు జారిపోయి బల్లమీద పడింది. నూలు గుడ్డ మాత్రం నలిగిన మడతలతోనే, పిడికిలి రూపం పట్టి లేచి నిలబడింది. “బుట్ట కావాలంటే ఇట్టా నిలబడే గుడ్డ తేవాలమ్మా. జారే గుడ్డకి కుచ్చీళ్ల పరికిణీ బాగుంటది, చేతులు బాగుండవు” అన్నాడు. నా భుజాలు వెడల్పు. అలాంటివాళ్లకి భుజం కొలత అరంగుళం లోపలికి తగ్గించి, కుచ్చులన్నీ పై భాగంలోనే సర్దాలట. ముందూ వెనకా కుచ్చు పెడితే మనిషి ఇంకా వెడల్పవుతుంది. గుడ్డ మరీ పల్చనైతే చేతి లోపల చిన్న నెట్ ముక్క ఆసరా వేస్తాడు. ఫొటోల్లో ఇవేవీ కనపడవు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ పూల గుడ్డ కథ మా ప్రాంతానిదే. యూరప్ వాళ్లు చింట్జ్ అని పిలుచుకుని వెర్రెత్తిపోయిన పూల అద్దకాలు మన తీరం నుంచే ఓడలెక్కాయి. వాటిని ఎగుమతి చేసిన రేవుల్లో మచిలీపట్నం ఒకటి. ఉతికినా పోని ఎరుపు వాళ్లకి అప్పటికి చేతకాదు. వాళ్ల నేతగాళ్ల పొట్టకొడుతోందని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో ఇలాంటి అద్దకపు నూలు గుడ్డలు ఒంటి మీద వేసుకోవడమే తప్పంది. ఆ తర్వాత వాళ్లే పూలు అచ్చుగుద్దడం నేర్చుకుని, వాటిని తమ పల్లెటూరి తోట పూలని నమ్మించుకున్నారు. నేనూ నమ్మాను.

బెజవాడ నుంచి బందరు రోడ్డున వెళితే గంటన్నరలో పెడన వస్తుంది. అక్కడ నూలు గుడ్డని కరక్కాయ రసంలో నానబెట్టి ఆరేస్తారు. చెక్కిన టేకు అచ్చుని రంగులో తడిపిన మెత్త మీద అద్దుకుని, బట్టమీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి ఊరబెట్టిన నీళ్లు, ఎరుపుకి పటిక. పటిక అద్దిన చోట మొదట ఏ రంగూ ఉండదు. కాగులో రంగునిచ్చే వేర్లతోనో చెక్కతోనో కలిపి మరిగించాక గానీ ఎరుపు పైకి తేలదు. ఆ గుడ్డతో కుట్టించిన కాటేజ్‌కోర్ గౌను ఇప్పుడు నా దగ్గరుంది. మొదటి ఉతుకు చల్లటి నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి, నీడన ఆరేశాను. చేతులు సాయంత్రం దాకా నిలబడతాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు కలంకారీ పేరుతో బజారులో దొరికేదాంట్లో మిల్లు అచ్చులే ఎక్కువ. గుడ్డ తిరగేసి చూడండి. చేతి అచ్చులో అక్కడక్కడా గీత గీతకి కలవదు, రంగు వెనక్కి దిగి ఉంటుంది.

బోహో స్టైలు గురించి ఎక్కువ చెప్పను, నాకే సిగ్గు. అద్దాల పరికిణీ, కచ్ పనితనం జాకెట్టు, నల్లబారిన వెండిరంగు గొలుసులు, పూసలు, చెవులకి జుంకాలు, కాళ్లకి గజ్జెలు, అన్నీ ఒకే రోజు వేసుకుని బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. మా ఆడపడుచు “వదినా, ఊరేగింపు ఎన్నింటికి?” అంది. నిజానికి మన తండాల్లో పెద్దవయసు లంబాడీ స్త్రీలు ఒంటినిండా అద్దాలు, బిళ్లలు, గవ్వలు వేసుకున్నా అతిగా కనిపించదు. ఆ లంగా, రవిక, ఓఢ్నీ మూడూ ఒకదానికోసం ఒకటి కుట్టుకున్నవి. నేను నాలుగు ఊళ్ల వస్తువులు ఒక మనిషికి తగిలించాను. బరువైనది ఏదో ఒక్కటి ఉంచి తక్కినవన్నీ సాదాగా ఉంచితే అదే బోహో.

2000 ప్రాంతపు ‘వైటూకే’ స్టైలు మళ్లీ వచ్చిందని మా అమ్మాయి నడుం దిగిన జీన్సు చూపించింది. అది మొదటిసారి వచ్చినప్పుడే నేను వేసుకుని, బస్సులో కూర్చున్నంతసేపూ వెనక చొక్కా లాక్కుంటూ ప్రయాణం చేసినదాన్ని. నాకు వైటూకే అంటే అమీర్‌పేట కంప్యూటర్ కోచింగు, ఇంటింటా ఒక అమెరికా విమానం. ఆ జీన్సు మా అమ్మాయికే వదిలేశాను.

ఇక ‘ఓల్డ్ మనీ’. 2023లో ‘సక్సెషన్’ సీరియల్ చివరి సీజన్ వచ్చినప్పుడు దీని జోరు చూడాలి. అందులో వాళ్లు పెట్టుకునేది వందల డాలర్ల టోపీ, దాని మీద కంపెనీ పేరైనా ఉండదు. డబ్బున్నట్టు కనపడాలి గానీ చూపించకూడదన్నది సూత్రం. నాకు డబ్బు లేదు కాబట్టి చూపించకపోవడం తేలికే అనుకుని, లినెన్‌లా కనిపించే లేత గోధుమరంగు చొక్కా, ప్యాంటు జత తెప్పించాను. వేసుకుని వంటింట్లోకి వస్తే మావారు నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. “జ్వరమేమైనా తగిలిందా?”

తప్పు ఆయనది కాదు. ఆ లేత ఇసకరంగు, మీగడరంగు ఆ సీరియల్ వాళ్ల ఒంటికి, వాళ్ల వెలుతురుకి కుదిరినవి. నా చామనఛాయ మీద ఆ రంగు పడితే మొహంలో నెత్తురు లేనట్టుంటుంది. అదే తీరు ముదురు నీలంలో, మెరూన్‌లో చేసి చూశాను, మొహం తేటపడింది. మా అమ్మ ఏ కొట్లోనూ ట్యూబ్‌లైటు కింద చీర కొనేది కాదు. గుమ్మం దాకా తెచ్చి, ఎండ వెలుగులో గడ్డం కింద పెట్టి చూసేది. అమ్మ చాదస్తం అనుకునేదాన్ని.

ఓల్డ్ మనీ స్టైలుకి ప్రాణం కొలత. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవాలి. ప్యాంటు అంచు మడమ మీద కుప్పపడకూడదు. ప్లాస్టిక్ గుండీలు తీసేసి కొబ్బరిచిప్ప గుండీలు వేయించినా చాలు, మామూలు చొక్కా మర్యాద పెరుగుతుంది. ఇస్త్రీ తప్పదు. గుడ్డ సంగతికొస్తే, మంగళగిరి సాదా నూలుని మించింది నేను చూడలేదు. ఒంటిమీద బొమ్మ లేదు, బుటా లేదు, అంచున సన్నని జరీ. గుంటమగ్గం మీద బిగువుగా నేసిన గుడ్డ, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

అమెరికా పాత డబ్బు కుటుంబాల అబ్బాయిలు ఎండాకాలం వేసుకునే ‘ప్రెపీ’ గళ్ల చొక్కా చూశారా? దాని పేరే మద్రాస్. 1960ల్లో ఆ గుడ్డ ఉతికితే రంగు కారడం ఖాయమని గొప్పగా ప్రకటనలిచ్చి మరీ అమ్మారు. రంగు వెలిసి ఒకదాన్లో ఒకటి కలిస్తేనే అందమన్నారు. ఆ జాతి గళ్ల రుమాళ్లు మన చీరాల చుట్టుపక్కల నేసి పశ్చిమ ఆఫ్రికాకి కూడా పంపేవారు. మా నాన్న గళ్ల లుంగీ కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటే, లోపలికి రండి, ఎవరైనా వస్తారని గోల చేసేదాన్ని. అదే గళ్ల గుడ్డతో ఇప్పుడు నాకో చొక్కా కుట్టించుకున్నాను. కాలర్ కొసలకి గుండీలు పెట్టించాను. ముదురు నీలం ప్యాంటు మీదకి అది అచ్చంగా ప్రెపీ.

మీకూ ఏదైనా స్టైలు నచ్చితే ఫొటో దాచుకోండి, కార్టులో మాత్రం వేయకండి. అది ఏ గుడ్డతో కుట్టారో, ఏ వాతావరణంలో వేసుకుంటారో చూసి, మన దగ్గర దానికి దగ్గరగా ఏ నూలుందో వెతకండి. మీటరు ముక్క కొని పిడికిట్లో నలిపి చూడండి. టైలర్ దగ్గరికి మాత్రం ఆషాఢంలోనే వెళ్లండి. శ్రావణం మొదలైతే పెళ్లి జాకెట్లు, నోముల జాకెట్లు మీద పడతాయి. ఇక దసరా దాటేదాకా ఆయనకి మీ ఫొటో చూసే తీరిక ఉండదు.