చూపిందా, ఇచ్చిందా?

పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు లూపుల దాకా బాగానే వస్తారు. ఫంక్షన్ల దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగిపోయిన సంగతి కూడా వెంటనే తెలీదు, ఎందుకంటే తెరమీద అంకె సరిగ్గానే కనిపిస్తుంటుంది.

మా ఆడపడుచు కూతురిదీ అదే వరస. మాచర్లలో డిగ్రీ చదువుతోంది. ఊరు ఎత్తిపోతలకి దగ్గర. ఇంట్లో మిరప సాగు, సగం పైన కౌలుదే. మొన్న వేసవిలో వెళ్తే ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "కాలేజీ లెక్కలొద్దత్తా, మనింటి లెక్క చేద్దాం" అంది. కాయలు మూడు దఫాలుగా యార్డుకి వెళ్ళాయి. ఎన్ని టిక్కీలు, టిక్కీ బరువెంత, క్వింటా ధరెంత, ఈ మూడూ ఇస్తే కమీషను, హమాలీ, లారీ కిరాయి పోను చేతికెంతో ఫంక్షన్ చెప్పాలి. ఆ డబ్బులోంచే కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ. మిగిలితే దాని ఫీజు.

పారామీటర్లు ఇట్టే పట్టుకుంది. "గుళ్ళో సంకల్పం లాంటిదేగా" అంది. ముందురోజే ఎత్తిపోతల దత్తాత్రేయుడి గుడికి వెళ్ళొచ్చాం. ఎవరొచ్చినా పూజారి అదే సంకల్పం చెబుతాడు, గోత్రమూ పేరూ వచ్చేచోట ఆగి మనవైపు చూస్తాడు. ఆ ఖాళీలు పారామీటర్లు, మనం అందించేవి ఆర్గ్యుమెంట్లు. ఇంతకన్నా మంచి పోలిక నేనెక్కడా వినలేదు. కాకపోతే వరస తప్పితే పూజారి సర్దుకుంటాడు, పైథాన్ సర్దుకోదు. బరువుని టిక్కీల లెక్క అనుకుని దానికీ హమాలీ కట్టేస్తుంది.

చిక్కు చివరి వాక్యంలో వచ్చింది. అక్కడ ప్రింట్ పెట్టింది. మూడు దఫాలకీ మూడు అంకెలు పడ్డాయి. వాటిని కలపమంటే మాత్రం పైథాన్ టైప్‌ఎర్రర్ అంది. రిటర్న్ రాయని ఫంక్షన్ నన్ అనే విలువనే తిరిగిస్తుంది, అంటే ఏమీ లేదని. "కళ్ళెదురుగా అంకె ఉంటే లేదంటుందేంటి?" అని దాని కోపం.

నేను ఎత్తిపోతలనే చూపించి చెప్పబోయాను. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తునుంచి పడతాయి. ఎదురుగా నిలబడినవాళ్ళు చూసేది ప్రింట్, ఆ నీళ్ళు పోయి కృష్ణలో కలవడం రిటర్న్. దానికి ఎక్కలేదు. రోజూ చూసే నీళ్ళు మరి.

తిరిగి రావడమనేది మొదట్నుంచీ తేలిక వ్యవహారం కాదు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ కంప్యూటర్ నడవడం మొదలైనప్పుడు, ఒకే సబ్‌రొటీన్‌ని పదిచోట్ల నుంచి పిలిస్తే పనయ్యాక ఎక్కడికి తిరిగెళ్ళాలన్నది పెద్ద ప్రశ్న. డేవిడ్ వీలర్ దానికి దారి కనిపెట్టాడు. పిలిచేవాడు తన చిరునామా దాని చేతిలో పెట్టి పంపాలి. అది పని మొదలుపెట్టే ముందే తన చివరి ఆజ్ఞని ఆ చిరునామాకి తగ్గట్టు తయారుచేసుకుంటుంది. విల్క్స్, గిల్‌లతో కలిసి వీలర్ 1951లో వేసిన పుస్తకంలో ఇదంతా ఉంది. ఇప్పుడా మోత మనకి లేదు, రిటర్న్ అని ఒక్క మాట రాస్తే చాలు.

ఈ గొడవంతా వాకిట్లో తొడిమలు తీస్తున్న మా ఆడపడుచు వింటూనే ఉంది. "నోటితో ధర చెప్పి తక్‌పట్టీ ఇవ్వకపోతే మనమేం చేసుకుంటామే?" అంది కూతురితో.

పిల్ల ఇంకేం అడగలేదు. ప్రింట్ కొట్టేసి రిటర్న్ రాసింది. మూడూ కలిపింది. మొత్తం వచ్చింది గానీ, బ్యాంకు పుస్తకంలో పడ్డదానికన్నా నాలుగు వేల చిల్లర ఎక్కువ. ఫంక్షన్‌లో తప్పేమో అని మళ్ళీ మొదట్నుంచి చూశాం. మొదటి రెండు దఫాలూ పట్టీల్లో ఉన్న రూపాయితో సహా సరిపోయాయి. మూడోదానికి పట్టీ ఇంకా రాలేదు, ధర ఫోన్లో చెప్పారంతే.

"మరి దీనికి ధరెంత వెయ్యనమ్మా?" అంది పిల్ల, కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండా.

వాళ్ళమ్మ ఒళ్ళో కాయలు పక్కకి దులిపి, ఫోన్ ఎక్కడుందో చూడమంది.